నడుస్తున్న సైటులో టేబుల్ మార్పులు: డిఫాల్ట్ ఇచ్చినా నల్ లోపం ఎందుకు వచ్చింది?

ప్రశ్న: నాలుగోసర్వర్

అందరికీ నమస్కారం. మేము జాంగో 4.2 (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ 14 (డేటాబేస్) మీద నడిచే ఒక వెబ్ అప్లికేషన్‌ను చూసుకుంటున్నాము. డెవలపర్లం నలుగురం. కోడ్ నాలుగు సర్వర్లలో నడుస్తుంది. కొత్త వెర్షన్ సిద్ధమైనప్పుడు సైటును ఆపకుండా, ఒక్కొక్క సర్వర్‌నే పక్కకు తీసి మార్చి మళ్లీ కలుపుతాము. నాలుగింటికీ డేటాబేస్ ఒక్కటే. అందులో ఆర్డర్ల టేబుల్ అన్నిటికంటే పెద్దది; ఇప్పటికి సుమారు మూడు కోట్ల రికార్డులు ఉన్నాయి.

గత వారం ఆ టేబుల్‌కు ‘ఛానల్’ అనే కాలమ్ చేర్చవలసి వచ్చింది. ఆర్డర్ వెబ్ నుంచి వచ్చిందా, మొబైల్ యాప్ నుంచి వచ్చిందా అన్నది అందులో ఉంటుంది. మోడల్‌లో ఫీల్డ్ రాసి, డిఫాల్ట్ విలువగా ‘వెబ్’ అని ఇచ్చి, మేక్‌మైగ్రేషన్స్‌తో మైగ్రేషన్ ఫైల్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే సూచనల ఫైల్) తయారు చేసుకున్నాము. స్టేజింగ్‌లో, అంటే పరీక్షకు పెట్టుకున్న నకలులో, అది కన్ను మూసి తెరిచేలోగా పూర్తయింది. ప్రొడక్షన్‌లో, అంటే అసలు సైటులో, మాత్రం మైగ్రేట్ ఆదేశం ఇచ్చిన మరుక్షణం ఆర్డర్ల టేబుల్‌తో పని ఉన్న ప్రతి పేజీ జవాబు లేకుండా నిలిచిపోయింది. ఏం చేయాలో తోచక చూస్తూ ఉండగానే, దాదాపు నాలుగు నిమిషాల తరువాత దానంతట అదే తేరుకుంది. ఊపిరి పీల్చుకుందామనుకునేలోపు రెండో ఇబ్బంది మొదలైంది. కొత్త కోడ్ ఇంకా ఎక్కని సర్వర్లలో ఎవరు ఆర్డర్ పెట్టినా, ఛానల్ కాలమ్‌లో నల్ (విలువ లేకపోవడం) ఉండకూడదన్న లోపంతో ఆ ఆర్డర్ తిరస్కరణకు గురైంది. నాలుగు సర్వర్లూ మారేవరకు ఇదే పరిస్థితి.

మొదటి ఇబ్బందికి టేబుల్ పరిమాణమే కారణమని మా ఊహ. రెండోదే అసలు అంతుపట్టలేదు. డిఫాల్ట్ ఇచ్చాము కదా, అది ఉండగా నల్ ఎలా వస్తుంది?

ఇది అడగడానికి మరొక కారణం కూడా ఉంది. వచ్చే నెలలో ఇంతకంటే పెద్ద మార్పు చేయవలసి ఉన్నది. ఆర్డర్‌లోనే ఒకే పాఠంగా ఉన్న చిరునామాను వేరే టేబుల్‌లోకి తీసి, ఆర్డర్ నుంచి దానికి ఫారిన్ కీ (వేరే టేబుల్‌లోని రికార్డును సూచించే కాలమ్) పెట్టాలి. ఆ కీ తప్పనిసరిగా ఉండాలి. చివరకు పాత చిరునామా కాలమ్‌ను తీసేయాలి. మొదట మేము రాసుకున్న మైగ్రేషన్ ఫైల్ ఒక్కటే: కొత్త కాలమ్ చేర్చడం, రన్‌పైథాన్‌తో (మైగ్రేషన్‌లో పైథాన్ కోడ్ నడిపే ఆపరేషన్) డేటాను తరలించడం, పాత కాలమ్‌ను తొలగించడం, ఈ మూడూ అందులోనే ఉన్నాయి. గత వారం అనుభవం తరువాత దాన్ని నడపడానికి ధైర్యం చాలడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు: పాతకాపు

నాలుగోసర్వర్ గారికి,

ముందుగా నల్ సంగతి చూద్దాము, ఎందుకంటే మీ తరువాతి పనికి కూడా అదే ఆధారం. జాంగో మోడల్‌లో మనం రాసే డిఫాల్ట్ పైథాన్ వైపు ఉంటుంది. డేటాబేస్‌లో అది నిలిచి ఉండదు. మీ మైగ్రేషన్ మీద ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ ఆదేశం (డేటాబేస్‌కు వెళ్లే వాక్యాలను చూపేది) నడిపి చూడండి, రెండు వాక్యాలు కనిపిస్తాయి. మొదటి వాక్యం ‘వెబ్’ అనే డిఫాల్ట్‌తో, నల్ కూడదన్న నియమంతో కాలమ్‌ను చేరుస్తుంది. వెంటనే రెండో వాక్యం ఆ డిఫాల్ట్‌ను తొలగిస్తుంది. అంటే అప్పటికే ఉన్న మూడు కోట్ల రికార్డులకు విలువ అందించడానికి మాత్రమే జాంగో దాన్ని వాడుకున్నది. ఆ తరువాత కొత్త రికార్డుకు విలువ ఇవ్వవలసిన బాధ్యత పైథాన్ కోడ్‌ది. మీ పాత సర్వర్లలోని కోడ్‌కు అసలు ఛానల్ అనే కాలమ్ ఉన్నదనే తెలియదు కనుక, అది తనకు తెలిసిన కాలమ్‌ల పేర్లు మాత్రమే చెప్పి రికార్డును చేర్చబోతుంది. చెప్పని కాలమ్‌కు డేటాబేస్ నల్ పెట్టబోయి, నియమం అడ్డుపడి, ఆర్డర్‌ను తిరస్కరిస్తుంది. డిఫాల్ట్‌గా పైథాన్ ఫంక్షన్‌ను కూడా ఇవ్వవచ్చు కనుక, దాన్ని డేటాబేస్‌కు అప్పగించే వీలు లేక జాంగో మొదటి నుంచీ ఈ పద్ధతినే పట్టుకుంది.

జాంగో 5.0 నుంచి, అంటే 2023 డిసెంబరు నుంచి, డీబీ_డిఫాల్ట్ అనే ఆప్షన్ ఉన్నది. అది ఇస్తే డిఫాల్ట్ డేటాబేస్‌లోనే ఉండిపోతుంది, పాత కోడ్ చేర్చే రికార్డులకు కూడా విలువ దొరుకుతుంది. మీరు 4.2లో ఉన్నారు కనుక, కాలమ్ చేర్చిన అదే మైగ్రేషన్‌లో ఒక రన్‌ఎస్‌క్యూఎల్ (నేరుగా డేటాబేస్ వాక్యం నడిపే ఆపరేషన్) పెట్టి డిఫాల్ట్‌ను తిరిగి అమర్చవచ్చు. లేదా మొదట నల్‌ను అనుమతిస్తూ కాలమ్ చేర్చి, అన్ని సర్వర్లలోనూ కొత్త కోడ్ ఎక్కిన తరువాత నియమం బిగించవచ్చు.

ఇక ఆ నాలుగు నిమిషాల స్తంభన. టేబుల్ పెద్దది కావడం దానికి కారణం కాదు. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి, మారని విలువ డిఫాల్ట్‌గా ఉన్న కాలమ్‌ను చేర్చితే టేబుల్‌ను తిరిగి రాయవలసిన పని లేదు. ఆ విలువను కేటలాగ్‌లో (డేటాబేస్ తన వివరాలు ఉంచుకునే చోట) ఒకచోట గుర్తుపెట్టుకుంటుంది, అంతే. కాబట్టి మీ ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణాన్ని మార్చే వాక్యం) చేసిన పని కొన్ని మిల్లీసెకన్లదే. నాలుగు నిమిషాలూ అది లాక్ (టేబుల్‌ను వాడుకునే హక్కు) కోసం వేచి ఉన్నది. ఆ సమయంలో ఎవరో పెద్ద రిపోర్టు నడుపుతూ ఉండవచ్చు, లేదా ఏదో ప్రోగ్రామ్ ట్రాన్సాక్షన్ (పూర్తిగా జరిగే లేదా అసలే జరగని పనుల కట్ట) తెరిచి ముగించకుండా వదిలేసి ఉండవచ్చు. చదివే క్వెరీ కూడా టేబుల్ మీద ఒక చిన్న లాక్ పట్టుకుంటుంది. ఆల్టర్ టేబుల్‌కు కావలసిన యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ దానితో కూడా పొసగదు. అందువల్ల ఆల్టర్ క్యూలో నిలబడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది: దాని తరువాత వచ్చిన ప్రతి క్వెరీ, కేవలం చదవడానికి వచ్చినది కూడా, దాన్ని దాటి ముందుకు పోలేదు, దాని వెనుకే నిలబడాలి. ఇరుకు సందులో లారీ వెనక్కి తిరగడానికి ఆగినట్లు, అది కదలకపోయినా దారి మూసుకుపోతుంది. రిపోర్టు ముగియగానే ఆల్టర్ క్షణంలో పూర్తయి, వెనుక ఉన్నవన్నీ ఒక్కసారిగా కదిలాయి. స్టేజింగ్‌లో ఇది కనిపించకపోవడానికి కారణం అక్కడ రిపోర్టులు నడిపేవారు లేకపోవడమే.

దీనికి మందు లాక్_టైమౌట్. దాని మొదటి విలువ సున్నా, అంటే ఎంతసేపైనా వేచి ఉంటుందని అర్థం. మైగ్రేషన్లు నడిపే కనెక్షన్‌కు మాత్రం దాన్ని రెండు మూడు సెకన్లకు పెట్టండి. ఆ వ్యవధిలో లాక్ దొరకకపోతే మైగ్రేషన్ విఫలమై తప్పుకుంటుంది, క్యూ కదులుతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నించవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ నిర్మాణపు మార్పులు కూడా ట్రాన్సాక్షన్‌లో భాగమే కనుక, విఫలమైన మైగ్రేషన్ సగం మార్పులను వదిలి పోదు. మైగ్రేట్ నడిపేటప్పుడు పీజీఆప్షన్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇస్తే సరిపోతుంది, కోడ్‌లో ఏమీ మార్చనక్కరలేదు. మధ్యలో పీజీబౌన్సర్ (డేటాబేస్ కనెక్షన్లను పంచే మధ్యవర్తి) వంటిది ఉంటే మైగ్రేషన్లను మాత్రం దాని గుండా కాకుండా నేరుగా డేటాబేస్‌కు కలిపి నడపండి.

ఇప్పుడు చిరునామా మార్పు. మీరు రాసుకున్న ఒక్క ఫైల్‌ను పక్కన పెట్టడం మంచిపని. మీ డిప్లాయ్ పద్ధతిలో (కొత్త కోడ్‌ను సర్వర్లకు ఎక్కించే తీరులో) పాత కోడ్, కొత్త కోడ్ కొంతసేపు ఒకే టేబుల్ మీద పనిచేస్తాయి. అందువల్ల ఏ మైగ్రేషన్‌నైనా ఒక్క ప్రశ్నతో పరీక్షించండి: ఇది నడిచిన తరువాత, నిన్నటి కోడ్ ఇంకా గంటసేపు ఉంటే దానికి ఏమవుతుంది? మీ ఫైల్ నడిస్తే నిన్నటి కోడ్‌కు చిరునామా కాలమ్ కనిపించదు. జాంగో క్వెరీలు మోడల్‌లోని కాలమ్‌లన్నిటినీ పేరుపేరునా అడుగుతాయి కనుక, చిరునామాతో పని లేని పేజీలు కూడా పడిపోతాయి.

మొదటి అడుగులో చిరునామాల టేబుల్‌ను సృష్టించి, ఆర్డర్లలో నల్‌ను అనుమతించే ఫారిన్ కీని చేర్చండి. ఇక్కడ ఒక గొయ్యి ఉన్నది. జాంగో ఫారిన్ కీకి తానుగా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) కూడా పెడుతుంది. మైగ్రేషన్ అంతా ఒకే ట్రాన్సాక్షన్ కనుక, కాలమ్ చేర్చడానికి పట్టుకున్న గట్టి లాక్‌ను మూడు కోట్ల రికార్డుల ఇండెక్స్ తయారయ్యేవరకు వదలదు. అంతసేపూ చదవడానికి కూడా వీలుండదు. అందుకని ఫీల్డ్‌లో డీబీ_ఇండెక్స్‌ను వద్దని చెప్పండి. ఇండెక్స్‌ను మోడల్‌లోని మెటా భాగంలో పేరుతో ప్రకటించి, ఇంకొక ఫైల్‌లో యాడ్‌ఇండెక్స్‌కన్‌కరెంట్‌లీ అనే ఆపరేషన్‌తో చేర్చండి. ఇది జాంగో 3.0 నుంచి పోస్ట్‌గ్రెస్ విభాగంలో ఉన్నది. ఇది ట్రాన్సాక్షన్ లోపల నడవదు కనుక ఆ ఫైల్‌లో అటామిక్ విలువను ఫాల్స్‌గా పెట్టాలి. మధ్యలో విఫలమైతే ఇన్వాలిడ్ అనే గుర్తుతో పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని క్వెరీలు వాడుకోవు, కానీ రాతల భారం మాత్రం మోపుతుంది. తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండో అడుగు పూర్తిగా కోడ్‌ది: కొత్త ఆర్డర్ వచ్చినప్పుడు, చిరునామా మారినప్పుడు పాత కాలమ్‌లోనూ కొత్త టేబుల్‌లోనూ రాయాలి, చదవడం మాత్రం పాతదాని నుంచే. ఆ తరువాత పాత రికార్డులను నింపడం; దాన్ని గురించి విడిగా రాయవలసినంత ఉన్నది. అంతా నిండిన తరువాత చదవడాన్ని కొత్తదానికి మార్చండి, కొన్నాళ్లు గమనించండి.

నల్ కూడదన్న నియమాన్ని నేరుగా పెడితే, పోస్ట్‌గ్రెస్ గట్టి లాక్ పట్టుకుని టేబుల్ అంతటినీ ఒకసారి చూస్తుంది. దానికి బదులు ముందుగా నాట్ వాలిడ్ రూపంలో (పాత రికార్డులను ఇంకా తనిఖీ చేయకుండా) ఒక చెక్ నియమం పెట్టి, వేరే మైగ్రేషన్‌లో దాన్ని వాలిడేట్ చేయండి. వాలిడేట్ చేసేటప్పుడు పట్టుకునే లాక్ చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. అది పూర్తయిన తరువాత నల్ కూడదన్న నియమం పెడితే, పోస్ట్‌గ్రెస్ 12 నుంచి ఆ చెక్‌ను నమ్మి టేబుల్‌ను మళ్లీ చూడదు. జాంగో 4.0 నుంచి ఈ రెండింటికీ యాడ్‌కన్‌స్ట్రెయింట్‌నాట్‌వాలిడ్, వాలిడేట్‌కన్‌స్ట్రెయింట్ అన్న ఆపరేషన్లు ఉన్నాయి. రెండూ ఒకే ఫైల్‌లో పెడితే ఫలితం ఉండదు.

పాత కాలమ్‌ను తీసే పద్ధతి కూడా రెండు విడతలదే. ముందు సెపరేట్‌డేటాబేస్‌అండ్‌స్టేట్ ద్వారా జాంగో లెక్కలో నుంచి మాత్రమే ఫీల్డ్‌ను తీసి, ఆ కోడ్‌ను అన్ని సర్వర్లకూ ఎక్కించాలి. కాలమ్ డేటాబేస్‌లో అలాగే ఉంటుంది. తరువాతి డిప్లాయ్‌లో కాలమ్‌ను నిజంగా తొలగించాలి. అయితే పాత చిరునామా కాలమ్‌కు ఇప్పుడు నల్ కూడదన్న నియమం ఉన్నదా? ఉంటే మొదటి విడతకు ముందే దాన్ని సడలించండి. లేకపోతే, ఆ కాలమ్‌ను మరిచిపోయిన కొత్త కోడ్ ఆర్డర్ చేర్చబోయినప్పుడు మీరు గత వారం చూసిన లోపమే తిరిగి వస్తుంది, ఈసారి కొత్త సర్వర్ల నుంచి.

జవాబు: రాత్రిపాళీ

పాతకాపు గారు చెప్పినదానిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఒక మాట చెప్పాలి. ఇన్ని అడుగులు వేయడానికి కనీసం ఐదారు డిప్లాయ్‌లు కావాలి, ప్రతి దానికీ మధ్య గమనింపు కావాలి, ఆ మధ్యకాలమంతా కోడ్‌లో రెండు చోట్ల రాసే తాత్కాలిక తర్కం ఉంటుంది. అటువంటి తర్కంలో పురుగులు దూరడం నేను చాలాసార్లు చూశాను. వాడుకరులు తక్కువగా ఉండే వేళ ముందుగా ప్రకటించి, సైటును పదిహేను నిమిషాలు ఆపి, మార్పు చేసి తెరవడం చాలా అప్లికేషన్లకు అవమానమేమీ కాదు. ఆపడం వల్ల పాత కోడ్, కొత్త కోడ్ కలిసి ఉండే సమస్యే ఉండదు.

దీనికి నేను పెట్టుకున్న షరతు ఒకటే. ప్రొడక్షన్ బ్యాకప్‌ను వేరే యంత్రంలో పునరుద్ధరించి, అక్కడ మైగ్రేషన్‌ను నిజంగా నడిపి, ఎంతసేపు పట్టిందో కొలిచి ఉండాలి. కొలవకుండా ‘పదిహేను నిమిషాలు’ అని ప్రకటించి మూడు గంటలు కూర్చున్న రాత్రి నాకు బాగా గుర్తున్నది. ఆ పునరుద్ధరణ వల్ల మీ బ్యాకప్ పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

రాత్రివేళ అనగానే లాక్ బాధ తప్పుతుందని అనుకోకండి. చాలాచోట్ల పీజీ_డంప్‌తో బ్యాకప్ తీసేది రాత్రే. అది తాను తీసే ప్రతి టేబుల్ మీదా చదివే లాక్‌ను మొదటి నుంచి చివరి వరకు పట్టుకుంటుంది. ఆ వేళ ఆల్టర్ టేబుల్ నడిపితే, మీకు పగలు జరిగినదే ఇంకా ఎక్కువసేపు జరుగుతుంది. సైటును ఆపినా సరే, లాక్_టైమౌట్ మాత్రం ఉండవలసిందే.

నాలుగోసర్వర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ నడిపి చూశాను, ఆ రెండో వాక్యం స్పష్టంగా కనిపించింది. ఇన్నేళ్లుగా ఆ ఆదేశం ఉన్నదని తెలిసి కూడా ఒక్కసారీ వాడలేదు. లాగ్‌లలో వెతకగా, స్తంభన మొదలవడానికి ముందు నుంచి ఒక నెలవారీ రిపోర్టు నడుస్తూ ఉన్నట్లు తేలింది.

సైటును ఆపే అవకాశం మాకు లేదు కనుక అడుగులవారీ పద్ధతికే వెళతాము. మూడు కోట్ల పాత రికార్డులను నింపే పని రన్‌పైథాన్‌లో చేయవచ్చా? మరొక సంగతి కూడా అడగాలి: ఇన్ని చిన్న మైగ్రేషన్లు రాస్తే, నలుగురం వేర్వేరు బ్రాంచ్‌లలో పనిచేస్తున్నందువల్ల నంబర్లు ఢీకొనడం ఇంకా పెరుగుతుందేమో. ఇప్పటికే వారానికి ఒకసారైనా రెండు 0042లు తయారవుతున్నాయి. ఇక మా సర్వర్లలో కంటెయినర్ మొదలయ్యే స్క్రిప్ట్‌లోనే మైగ్రేట్ ఆదేశం ఉన్నది. అది అలాగే ఉండవచ్చా?

జవాబు: పాతకాపు

రన్‌పైథాన్‌లో చేయకండి. మైగ్రేషన్ డిప్లాయ్‌లో భాగం, అది ముగిస్తేగాని డిప్లాయ్ ముందుకు పోదు. మూడు కోట్ల రికార్డుల పని గంటల తరబడి పట్టవచ్చు. పైగా ఒకే ట్రాన్సాక్షన్‌లో నడిస్తే, తొంభై శాతం దగ్గర ఏదో ఒక వింత చిరునామా వల్ల విఫలమై అంతా వెనక్కి పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో రికార్డును మార్చడమంటే కొత్త ప్రతి రాసి పాతదాన్ని మృతప్రతిగా వదలడమే. ఒక్క ట్రాన్సాక్షన్‌లో మూడు కోట్లు మార్చితే, అది ముగిసేవరకు ఆ మృతప్రతులను వాక్యూమ్ అనే శుభ్రపరిచే ప్రక్రియ తీసేయలేదు, టేబుల్ ఉబ్బిపోతుంది. మీకు రెప్లికా (డేటాబేస్‌ను అనుసరించే నకలు) ఉంటే అది వెనుకబడుతుంది.

నేనైతే ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాస్తాను. ప్రైమరీ కీ క్రమంలో ఐదువేల చొప్పున రికార్డులు తీసుకుని, ప్రతి విడతనూ విడి ట్రాన్సాక్షన్‌గా ముగించి, మధ్యలో కొద్దిగా ఆగుతూ పోవాలి. కొత్త కీ నల్‌గా ఉన్న రికార్డులను మాత్రమే ముట్టుకునేలా రాస్తే, మధ్యలో ఆపినా, రెండుసార్లు నడిపినా హాని ఉండదు. రెండు చోట్ల రాసే కోడ్ అన్ని సర్వర్లలోనూ ఎక్కిన తరువాతే దీన్ని మొదలుపెట్టాలి; ముందే మొదలుపెడితే, పాత సర్వర్ల నుంచి వచ్చే కొత్త ఆర్డర్లలో కీ ఖాళీగా ఉండిపోయి, నింపినదంతా ఎక్కడో చిల్లుపడినట్లే ఉంటుంది. నియమం బిగించే ముందు నల్‌గా మిగిలినవి ఎన్ని అని ఒక్కసారి లెక్కపెట్టండి.

చిన్న టేబుళ్లకు రన్‌పైథాన్ ఏ దోషమూ లేనిది, నేనూ వాడతాను. అప్పుడు మోడల్‌ను నేరుగా ఇంపోర్ట్ చేయకుండా యాప్స్.గెట్_మోడల్ ద్వారా తీసుకోవాలి, లేకపోతే ఆరునెలల తరువాత మోడల్ మారిపోయి, కొత్తగా డేటాబేస్ తయారు చేసుకునేవారికి ఆ మైగ్రేషన్ నడవదు. అలా తీసుకున్న మోడల్‌లో మీరు రాసుకున్న సేవ్ పద్ధతి ఉండదన్నది గుర్తుంచుకోండి. డేటా మార్పు, టేబుల్ మార్పు ఒకే ఫైల్‌లో పెడితే, పెండింగ్ ట్రిగ్గర్ ఈవెంట్లు ఉన్నందువల్ల ఆల్టర్ చేయలేనని పోస్ట్‌గ్రెస్ మొరాయించవచ్చు. ఫారిన్ కీ తనిఖీలను కమిట్ వరకు వాయిదా వేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఫైళ్లను విడదీస్తే పోతుంది.

జవాబు: కొమ్మరెమ్మ

నంబర్లు ఢీకొనడం గురించి. నిజానికి జాంగోకు నంబర్లతో పని లేదు. ప్రతి ఫైల్‌లోని డిపెండెన్సీల జాబితా చూసి ఒక గ్రాఫ్ కట్టుకుంటుంది. 0042 అన్నది మన కంటికోసమే. ఇద్దరు 0041 మీద ఆధారపడే రెండు ఫైళ్లు రాస్తే గ్రాఫ్‌కు రెండు కొసలు ఏర్పడి, మైగ్రేట్ ఆగిపోతుంది. మేక్‌మైగ్రేషన్స్‌కు మెర్జ్ ఆప్షన్ ఇస్తే, రెండింటినీ కలిపే ఖాళీ మైగ్రేషన్‌ను తయారుచేస్తుంది. అది అనుకూలమే, కానీ నాకు నచ్చదు. ఆ రెండు మార్పులూ ఏ క్రమంలో నడిచాయన్నది ఒక్కొక్క డేటాబేస్‌లో ఒక్కొక్క విధంగా ఉండిపోతుంది. ఇద్దరిలో తరువాత తమ బ్రాంచ్‌ను మెర్జ్ చేసేవారు తమ ఫైల్‌ను తీసేసి, మెయిన్ బ్రాంచ్‌ను తెచ్చుకుని, మేక్‌మైగ్రేషన్స్‌ను మళ్లీ నడపడం మేలు. ఆ ఫైల్ ఇంకా ఎవరి డేటాబేస్‌లోనూ నడవలేదు కనుక దాన్ని మార్చడంలో తప్పు లేదు. తమ సొంత యంత్రంలో నడిపి ఉంటే ముందుగా 0041కు వెనక్కి వెళ్లాలి. చేతితో రాసిన రన్‌ఎస్‌క్యూఎల్ వంటివి ఉంటే ఫైల్‌ను తీసేయక, పేరు, డిపెండెన్సీ మార్చితే చాలు.

ఢీకొన్న సంగతి మెర్జ్ సమయంలోనే తెలియాలంటే జాంగో-లీనియర్-మైగ్రేషన్స్ అనే ప్యాకేజీ ఉన్నది. అది ప్రతి యాప్‌లోనూ చిట్టచివరి మైగ్రేషన్ పేరును ఒక చిన్న పాఠపు ఫైల్‌లో ఉంచుతుంది. ఇద్దరూ ఆ ఒక్క పంక్తినే మార్చుతారు కనుక గిట్ అక్కడే గొడవ పెడుతుంది. దీనితోపాటు సీఐలో (కోడ్‌ను తానుగా పరీక్షించే వ్యవస్థ) మేక్‌మైగ్రేషన్స్‌ను చెక్ ఆప్షన్‌తో నడపండి. మోడల్ మార్చి మైగ్రేషన్ రాయడం మరిచిపోయినవారు అక్కడే దొరుకుతారు. మీరున్న 4.2 నుంచి ఆ ఆప్షన్ ఫైళ్లను సృష్టించకుండా తనిఖీ మాత్రమే చేస్తుంది.

ఫీల్డ్ పేరు మార్చినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామూలుగా మేక్‌మైగ్రేషన్స్ ‘పేరు మార్చారా?’ అని మనల్ని అడుగుతుంది. అడగవద్దని ఆప్షన్ ఇచ్చి స్క్రిప్ట్‌లో నడిపితే, కాదన్న జవాబునే తీసుకుని, పాత కాలమ్‌ను తొలగించి కొత్తది చేర్చే మైగ్రేషన్‌ను రాస్తుంది. డేటా పోతుంది. అందుకే మైగ్రేషన్ ఫైళ్లను మనుషులే తయారుచేయాలి, మనుషులే చదవాలి. కోడ్‌లో పేరు నచ్చకపోవడం ఒక్కటే కారణమైతే, డీబీ_కాలమ్‌లో పాత పేరును ఉంచి ఫీల్డ్ పేరును మార్చుకోండి. డేటాబేస్‌ను కదపవలసిన అవసరమే రాదు.

కంటెయినర్ మొదలయ్యే స్క్రిప్ట్‌లో నుంచి మైగ్రేట్‌ను ఈ రోజే తీసేయండి. మీరు ఒక్కొక్కటిగా మార్చుతున్నారు కనుక ఇంతవరకు గడిచింది. ఏ రోజైనా రెండు ఒకేసారి మొదలైతే, రెండూ జాంగో_మైగ్రేషన్స్ టేబుల్‌ను చూసి, రెండూ ఈ మైగ్రేషన్ నడవలేదనే అనుకుని, రెండూ నడపబోతాయి. జాంగో దీన్ని అడ్డుకోవడానికి ఏ లాక్‌నూ పట్టుకోదు. డిప్లాయ్‌లో మైగ్రేట్‌ను విడి అడుగుగా, ఒకే ఒక్కచోట, సర్వర్లను మార్చడానికి ముందు నడపాలి. తొలగింపులు మాత్రం సర్వర్లన్నీ మారిన తరువాత.

జవాబు: పట్టాలమీద

నేను రైల్స్ (రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్), మైఎస్‌క్యూఎల్ (మరొక డేటాబేస్) వాడేవాణ్ణి. రైల్స్ ఈ విషయంలో డేటాబేస్ స్థాయిలో ఒక అడ్వైజరీ లాక్ పట్టుకుంటుంది, అందువల్ల రెండు చోట్ల నుంచి ఒకేసారి మైగ్రేషన్ నడిపితే రెండోది ఆగిపోతుంది. ఫైళ్ల పేర్లలో నంబర్లకు బదులు పద్నాలుగు అంకెల సమయముద్ర ఉంటుంది కనుక పేర్లు ఢీకొనవు. ఢీకొనడం మాత్రం పోలేదు, స్కీమా ఫైల్‌లోని వెర్షన్ పంక్తికి మారింది. కాలమ్ తొలగించే ముందు దాన్ని ఇగ్నోర్డ్_కాలమ్స్‌లో చేర్చి ఒక డిప్లాయ్ చేయడం మా దగ్గర అలవాటు. పాతకాపు గారు చెప్పిన రెండు విడతల పద్ధతికి ఇది సోదరుడే.

ఈ చర్చను మైఎస్‌క్యూఎల్ వాడేవారు చదివితే వారికోసం: పోస్ట్‌గ్రెస్‌లాగా ‘విఫలమైతే అంతా వెనక్కి పోతుంది’ అన్న భరోసా మనకు లేదు. ప్రతి ఆల్టర్ టేబుల్ తనకు తానుగా కమిట్ అవుతుంది. మూడు మార్పులున్న మైగ్రేషన్ మూడోదాని దగ్గర ఆగితే మొదటి రెండూ నిలిచిపోతాయి. మైగ్రేషన్ నడిచినట్లు నమోదు మాత్రం ఉండదు, మళ్లీ నడిపితే ఆ కాలమ్ ఇప్పటికే ఉన్నదని లోపం వస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో వచ్చిన అటామిక్ డీడీఎల్ (నిర్మాణపు మార్పు పూర్తిగా జరగడం లేదా అసలే జరగకపోవడం) ఒక్కొక్క వాక్యానికే వర్తిస్తుంది. కాబట్టి ఒక ఫైల్‌లో ఒకే మార్పు పెట్టుకోవాలి. క్యూ స్తంభన ఇక్కడా ఉన్నది, మెటాడేటా లాక్ పేరుతో. దానికి లాక్_వెయిట్_టైమౌట్ ఉన్నది, కానీ దాని మొదటి విలువ 31536000 సెకన్లు. లెక్క వేసుకుంటే సరిగ్గా ఒక సంవత్సరం.

నాలుగోసర్వర్

అందరికీ ధన్యవాదాలు. ఇప్పటివరకు చేసినవి రాస్తున్నాను. స్టార్టప్ స్క్రిప్ట్ నుంచి మైగ్రేట్‌ను తీసి, డిప్లాయ్‌లో విడి అడుగుగా పెట్టాము. దానికి మాత్రమే వర్తించేలా లాక్_టైమౌట్‌ను మూడు సెకన్లకు అమర్చాము. నిన్న ఫారిన్ కీని ఇండెక్స్ లేకుండా చేర్చబోతే మొదటి రెండుసార్లు లాక్ దొరకక విఫలమైంది, మూడోసారి వెంటనే పూర్తయింది. ఆ మూడు ప్రయత్నాలలోనూ సైటు వాడేవారెవరికీ ఏమీ తెలియలేదు. ఇండెక్స్‌ను మాత్రం ఆ లాక్_టైమౌట్ లేకుండా నడిపాము; అది కన్‌కరెంట్‌లీగా తయారవుతున్నప్పుడు ఎందుకో చాలాసేపు కదలలేదు. చూస్తే మళ్లీ ఆ నెలవారీ రిపోర్టే. తాను మొదలవడానికి ముందే తెరుచుకున్న ట్రాన్సాక్షన్లు ముగిసేవరకు అది వేచి ఉంటుందని అప్పుడు తెలిసింది. రిపోర్టును రెప్లికా మీదికి మార్చే పనిని ఈ వారమే మొదలుపెడుతున్నాము.

పాత చిరునామా కాలమ్‌కు నల్ కూడదన్న నియమం ఉన్నమాట నిజమే. దాన్ని సడలించే మైగ్రేషన్‌ను క్రమంలో ముందుకు జరిపాను. రెండు చోట్ల రాసే కోడ్ రేపు ఎక్కుతుంది. రికార్డులు నింపే కమాండ్‌ను మొదట పునరుద్ధరించిన బ్యాకప్ మీద నడిపి, ఎంతసేపు పట్టిందో ఇక్కడే రాస్తాను.